అనంతపురం ఎండకు పాలీహౌస్: ప్యాడ్లా, ఫాగర్లా?

ఊరి శివారులో సరదా కొద్దీ వేసుకున్న మా పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట గది) 8 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల పొడవు, సగటున 4 మీటర్ల ఎత్తు ఉంటుంది. లోపల కీర, క్యాప్సికం నారు ఉన్నాయి. చల్లదనపు ఏర్పాటు లెక్క ఈ వారం తేలింది. ఒక గోడకు పంపుతో తడిపే ప్యాడ్లు పెట్టి, ఎదురు గోడ ఫ్యాన్లతో వాటిగుండా గాలి లాగడం ఒక దారి; సన్నటి నాజిళ్లతో నీటిని పొగమంచులా చిమ్మే ఫాగర్లు రెండోది.

మే మధ్యాహ్నం 41 డిగ్రీల ఎండ, 22 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు థర్మామీటరు (బల్బుకు తడి గుడ్డ చుట్టినది) 24 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. నీటి ఆవిరితో గాలి అంతకన్నా చల్లబడదు. ఆ తేడాలో 80 శాతం ప్యాడ్ తగ్గిస్తుందనుకుంటే లోపలికి వచ్చే గాలి 27, 28 డిగ్రీలకు దిగుతుంది. ఫ్యాన్ల వైపు సాగేకొద్దీ మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి నారు ట్రేలను ప్యాడ్ పక్కనే ఉంచుతున్నాను. వానాకాలంలో 32 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే తగ్గేది 5 డిగ్రీలే.

నిమిషానికొకసారి గాలంతా మారాలంటే 640 ఘనపు మీటర్లు లాగాలి. 100 మిల్లీమీటర్ల మందం ప్యాడ్‌లో గాలి వేగం సెకనుకు 1.25 మీటర్లు దాటకూడదు గనుక, 1.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్కలు 12 తీసుకున్నాను. ఫ్యాన్‌కు ప్యాడ్ అడ్డున్నప్పుడు ఎంత గాలి లాగుతుందో చూడాలి. దుకాణదారులు చెప్పేది మాత్రం ఉత్తగా తిరిగేటప్పటి అంకె. పడమటి గాలికి ఎదురు తోయకుండా ప్యాడ్లు పడమర, ఫ్యాన్లు తూర్పు.

అసలు చిక్కు నీళ్లతోనే. పై లెక్కన మండుటెండలో గంటకు సుమారు 230 లీటర్లు ఆవిరవుతాయి. అంతే గాలిని అంతే చల్లబరచాలంటే ఫాగర్‌కైనా అన్ని నీళ్లే ఖర్చు, ఆదా ఏమీ లేదు. పైగా మా బోరు నీటి ఉప్పుకు ఫాగర్ నాజిల్ రంధ్రాలు పూడుకుపోతాయి, ఆకులపై తెల్ల మచ్చలు పడతాయి. ప్యాడ్ పద్ధతిలో ఆ ఉప్పు చాలావరకు ప్యాడ్ల నుంచి కారిన నీరు చేరే సంపులోనే చిక్కబడుతుంది, కొంత నీటిని ఎప్పటికప్పుడు బయటికి వదిలితే ప్యాడ్‌పై పెచ్చు కట్టడం తగ్గుతుంది. అందుకే ప్యాడ్లకే మొగ్గాను. వదిలిన నీరు కొబ్బరి చెట్లకు పోతుంది.

నీటి ఖర్చు తగ్గాలంటే పంపు తిరిగే గంటలు తగ్గాలి. అందుకని ముందుగా పైకప్పుకు బయట 50 శాతం షేడ్ నెట్ కట్టించాను. వేడిని బట్టి ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్‌తో మొదట ఫ్యాన్లు, వేడి తగ్గకపోతేనే పంపు తిరుగుతాయి. సాయంత్రం పంపు ఆపాక కూడా ప్యాడ్లు ఆరేదాకా ఫ్యాన్లు నడిస్తే పాచి అంతగా పట్టదు. సంపుకు మూత, పంపు ముందు జాలీ ఇంకా బిగించాలి.