ఏడుకీ ఏఁడుకీ మధ్య అరసున్న

నెల రోజులుగా ఒక్క గుర్తు చుట్టూ తిరుగుతున్నాను, అరసున్న (ఁ). ఇంట్లో వాళ్లకి విసుగొచ్చేసింది.

చిన్నప్పుడు పద్యాల్లో చూసి అదేదో అలంకారం అనుకునేవాణ్ణి. కాదు, చాలా మాటల్లో అది ఒకప్పటి ముక్కుపలుకు తాలూకు ఆనవాలు. అంకె ఏడుకి అరసున్న లేదు, తమిళంలో అది ఏఴు, కన్నడంలో ఏళు, రెంటిలోనూ ముక్కుతో పలికేది ఏమీ లేదు. సంవత్సరం అనే ఏఁడుకి మాత్రం ఉంది, ఎందుకంటే తమిళంలో దాని చుట్టం ఆండు, ఇంకా పాతకాలంలో యాండు. ఇప్పుడు రెండూ ఒకేలా రాసి ఒకేలా పలుకుతున్నాం కదా, తేడా పోయినట్టే అనిపిస్తుంది. పూర్తిగా పోలేదు! బహువచనం చేసి చూడండి: ఏండ్లు. సున్న నిండుగా బయటికొస్తుంది. తెలంగాణలో పదేండ్లు, ఇరవై ఏండ్లు అని ఇప్పటికీ రాస్తారు.

వాఁడు కూడా అంతే. మా అమ్మమ్మది కడప వైపు, "వాండ్లు ఇంకా రాలేదా?" అనేది, మేం వెక్కిరించేవాళ్లం. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువులో వాఁడు అని చూశాక, పాత పలుకు దాచుకున్నది ఆవిడే, పోగొట్టుకున్నది మేమే అని అర్థమై సిగ్గేసింది.

కవులకైతే ఇది భలే సౌకర్యం. అతఁడు అంటే మూడూ లఘువులే, నగణం. అతండు అంటే నడిమి అక్షరం గురువైపోయి జగణం. మనిషి ఒకడే, గణానికి ఏది కుదిరితే అది.

బడిపిల్లలకి ఇదంతా మళ్లీ నేర్పాలని నేననను, వాళ్ల టెన్షన్లు వాళ్లకున్నాయి. పాత కావ్యాలు మళ్లీ అచ్చేసేటప్పుడు తీసేస్తేనే ఒళ్లు మండుతుంది. ఈ మధ్య కొన్న ఒక ప్రతిలో ఒక్క అరసున్న కూడా లేదు. వానిన్, చూచి కలిస్తే వానిఁ జూచి అవుతుంది, ఆ నకారమే చ-ని జ చేసి తను అరసున్నగా మిగులుతుంది. ఈ పుస్తకంలో "వాని జూచి" అని ఉంది. కొత్తగా చదివేవాడు ఆ జ ఎక్కణ్ణుంచి ఊడిపడిందనుకోవాలి? పెన్సిల్ తీసుకుని నేనే ఒక్కొక్కటీ పెట్టుకుంటూ వస్తున్నాను, నిన్న రాత్రికి రెండో ఆశ్వాసం అయింది.