జీకేలో సంగీత విద్వాంసుల ఊళ్లు: తెలుసులే అని వదిలేసే మార్కు

ఫ్రెండ్స్, పోటీ పరీక్షల కోసం స్టాటిక్ జీకేలో (అంటే ఏటా మారని జనరల్ నాలెడ్జ్‌లో) నదులు, ఆనకట్టలు, నృత్యరీతులు అందరం రుబ్బుతాం. సంగీత విద్వాంసుల ఊళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఆ, తెలుసులే" అని పేజీ తిప్పేస్తాం. నిజంగా ఎంతమందికి తెలుసో చూద్దామని రీడింగ్ రూమ్‌లో పక్కవాళ్లని అడగడం నాకు అలవాటైంది. బిస్మిల్లా ఖాన్ ఎక్కడ పుట్టారంటే ఠక్కున కాశీ అంటారు. పండిట్ రవిశంకర్ అంటే, బెంగాలీ కుటుంబం కదా, కోల్‌కతా అంటారు. కానీ 1916లో బిస్మిల్లా ఖాన్ పుట్టింది బిహార్‌లోని డుమ్రావ్‌లో. 1920లో రవిశంకర్ పుట్టిందేమో వారణాసిలో! జతపరచండి ప్రశ్నలో ఈ ఇద్దరినీ, ఈ రెండు ఊళ్లనీ పక్కపక్కనే పెడితే, కాశీ అనగానే షెహనాయి గుర్తొచ్చే మనలాంటివాళ్లం సగం మంది అక్కడే దొరికిపోతాం.

కారణం మరీ లోతైనదేమీ కాదు. మనకు తెలిసేది వాళ్లు పేరు తెచ్చుకున్న ఊరు. బిస్మిల్లా ఖాన్ చిన్నప్పుడే వారణాసిలో మేనమామ దగ్గరికి వెళ్లి, ఆయన దగ్గరే షెహనాయి నేర్చుకుని, జీవితమంతా అక్కడే గడిపారు. ఫొటోల్లో, వ్యాసాల్లో, డాక్యుమెంటరీల్లో ఎక్కడ చూసినా వెనక గంగ ఘాట్లే కనిపిస్తాయి. పుట్టిన ఊరు ఆ వెలుగులో కనబడదు. పేపర్ సెట్ చేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆప్షన్లలో ఆ పెద్ద ఊరు కనిపించిందంటే ఒక్క క్షణం ఆగి ప్రశ్న మళ్లీ చదవండి. అడిగింది పుట్టిన చోటా, సాధన చేసిన చోటా, కన్నుమూసిన చోటా?

నేనైతే భారతరత్న పొందిన సంగీతకారులతో మొదలుపెట్టాను. మొత్తం ఆరుగురే, పైగా అవార్డు సంవత్సరం కూడా ఎలాగూ చదవాల్సిందే. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి (1998) మధురై. ఇనీషియల్స్‌లోనే ఉంది కాబట్టి మర్చిపోయే ప్రసక్తే లేదు, అయినా కచేరీలన్నీ చెన్నైతో ముడిపడటంతో చెన్నై అని పెట్టేవాళ్లు ఉన్నారు. రవిశంకర్ (1999) సంగతి చెప్పాను. 2001లో ఇద్దరు: బిస్మిల్లా ఖాన్, లతా మంగేష్కర్. లతాజీ ముంబై అనుకుంటాం, పుట్టింది ఇందోర్. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆమె పేరుతో ఏటా అవార్డు ఇస్తుంది. ముంబై గాయని పేరుతో మధ్యప్రదేశ్ అవార్డేమిటి అని ఒకసారి ప్రశ్నించుకుంటే ఇందోర్ ఇక జన్మలో పోదు. హిందుస్తానీ గాయకుడు భీమ్‌సేన్ జోషి (2008) పుణె అనిపిస్తారు, అక్కడి సవాయి గంధర్వ సంగీతోత్సవం వల్ల. ఆయన పుట్టింది కర్ణాటకలో ఇప్పటి గదగ్ జిల్లా రోణ్‌లో. చివరిగా 2019లో మరణానంతరం పురస్కారం పొందిన అస్సామీ గాయకుడు భూపేన్ హజారికా. ఆయన ఊరు సదియా, అస్సాం చిట్టచివర ఉంటుంది. 2017లో ప్రారంభమైన ధోలా–సదియా వంతెనకు ఆయన పేరే పెట్టారు. పొడవు 9.15 కిలోమీటర్లు. జాగ్రఫీ నోట్స్‌లో ఈ వంతెన ముందే రాసుకుని ఉంటారు, పక్కనే ఆయన ఊరు కూడా చేర్చుకోండి.

తెలుగువాళ్ల దగ్గర మెలిక ఇంకో రకం. ఇక్కడ ఇంటిపేర్లూ బిరుదులూ మనల్ని పక్కదారి పట్టిస్తాయి. భద్రాచల రామదాసు అంటాం, కంచర్ల గోపన్న సొంతూరు మాత్రం నేలకొండపల్లి. 2016 జిల్లాల విభజన తర్వాత నేలకొండపల్లి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి కాబట్టి జిల్లా అడిగినా తేడా వస్తుంది. ఇక ఘంటసాల. కృష్ణా జిల్లాలో ఆ పేరుతో ఊరుంది, బౌద్ధ స్థూపానికి ప్రసిద్ధి. కానీ గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, సంగీతం నేర్చుకుంది విజయనగరంలో. ఒకే పేరు మీద కళల నుంచి ఒక ప్రశ్న, చరిత్ర నుంచి ఒక ప్రశ్న తయారు చేయొచ్చు. (అడుగుతారో లేదో తెలియదు గానీ, నేనే పేపర్ సెట్ చేస్తే తప్పకుండా అడుగుతాను.) ఇంటిపేరు మోసం చేయని చోట్లూ ఉన్నాయి. తాళ్లపాక అన్నమాచార్యుల ఊరు తాళ్లపాకే. బాలమురళీకృష్ణ దగ్గర తికమక జిల్లాతో. ఆయనది శంకరగుప్తం. పాత మెటీరియల్‌లో తూర్పుగోదావరి అని ఉంటుంది, 2022 విభజనలో అది కోనసీమకు వెళ్లింది. ఆంధ్రాలో ఏ ఊరికైనా జిల్లా పేరు పాత పుస్తకం నుంచి తీసుకోకండి.

త్యాగరాజు అనగానే తిరువయ్యూరు, అక్కడ జరిగే ఆరాధనోత్సవాలు మదిలో మెదులుతాయి. ఆయన జన్మించింది తిరువారూరులో. శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు పుట్టిందీ అక్కడే. కర్ణాటక సంగీత త్రిమూర్తులు ముగ్గురికీ ఒకే ఊరు కావడంతో ఇది ప్రశ్నకు బాగా నప్పుతుంది. దీక్షితులు 1835లో ఎట్టయపురంలో కన్నుమూశారు. అదే ఎట్టయపురం కవి సుబ్రహ్మణ్య భారతి జన్మస్థలం.

పాశ్చాత్యుల మీద ఎక్కువ టైమ్ పెట్టలేదు. బీటిల్స్ అంటే లివర్‌పూల్ అని చాలామంది చెప్పేస్తారు, నలుగురూ ఒకే ఊరివాళ్లు కాబట్టి. మొజార్ట్ వియన్నా కాదు, సాల్జ్‌బర్గ్. బీథోవెన్‌దీ వియన్నా కాదు, బాన్. ఇద్దరూ వియన్నాలోనే మరణించారు కాబట్టి ఈ గందరగోళం. ఎల్విస్ ప్రెస్లీ మెంఫిస్ కాదు, మిసిసిపీలోని టుపెలో. అందరినీ ఆశ్చర్యపరిచేది ఫ్రెడ్డీ మెర్క్యురీ. బ్రిటిష్ బ్యాండ్ క్వీన్ గాయకుడు, పార్సీ కుటుంబం, పుట్టింది జాంజిబార్. విమానాశ్రయాల పేర్లు కూడా పనికొస్తాయి: సాల్జ్‌బర్గ్‌కు మొజార్ట్ పేరు, లివర్‌పూల్‌కు జాన్ లెనన్, న్యూ ఓర్లీన్స్‌కు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. పోలండ్ రాజధాని వార్సా విమానాశ్రయానికి స్వరకర్త షోపెన్ పేరున్నా, ఆయన పుట్టింది వార్సాకు దగ్గర్లోని ఒక పల్లెలో. ఈ చిట్కానీ కళ్లు మూసుకుని వాడకండి.

యునెస్కో సంగీత నగరాలు మాత్రం వదలొద్దు. మన దేశం నుంచి వారణాసి (2015), చెన్నై (2017), గ్వాలియర్ (2023). గ్వాలియర్‌లో తాన్‌సేన్ సమాధి ఉంది, ఏటా తాన్‌సేన్ సమారోహ్ జరుగుతుంది. కరెంట్ అఫైర్స్, కల్చర్ రెండూ అక్కడ కలుస్తాయి.

నోట్స్ ఎలా రాసుకోవాలని అడిగేవాళ్లకు ఒక్క మాట. పేరు, ఊరు అని రెండు కాలమ్స్‌తో సరిపెట్టకండి. మూడో కాలమ్‌లో జనం పొరబడే ఊరు రాయండి. రివిజన్‌లో నేను ఆ మూడో కాలమ్ చూసి మొదటిది చెప్పుకునేవాణ్ని: పుణె అంటే భీమ్‌సేన్ జోషి, మరి ఆయన పుట్టింది? ఇలా అడ్డంగా తిప్పి చదివితే ఆప్షన్లలో పెద్ద ఊరు కనిపించినా టెన్షన్ రాదు. ఇండియన్ క్లాసికల్, తెలుగు వాగ్గేయకారులు, భారతరత్నలు కలిపి ఒక పేజీ దాటనివ్వకండి. పాప్ గాయకుల లిస్టులు పీడీఎఫ్‌ల నిండా తిరుగుతుంటాయి, వాటిని డౌన్‌లోడ్ కూడా చేయొద్దు. ఆ టైమ్ పాలిటీకి పెట్టండి.