తెలుగులో సంతకం పెట్టినందుకు: నా యూలిప్ సరెండర్ అనుభవం

నా యూలిప్ (ఇన్సూరెన్సూ, మార్కెట్ పెట్టుబడీ కలిపిన పాలసీ) సరెండర్ చేస్తే, అంటే మూసేసి డబ్బు వెనక్కి అడిగితే, మొన్న శుక్రవారం నా అకౌంట్లో 5 లక్షల 31 వేలు పడ్డాయి. ఐదేళ్ళలో నేను కట్టింది 5 లక్షలు. దీని కోసం మూడు నెలలు తిరిగాను, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే వేడి మీదే రాసేస్తున్నా.

2019 ఆగస్టులో ఎఫ్‌డీ రెన్యువల్ కోసం బ్యాంకుకి వెళ్తే, ఇన్సూరెన్స్ టేబుల్ దగ్గర కూర్చునే అబ్బాయి "ఇది కూడా ఎఫ్‌డీ లాంటిదే మేడమ్, ఏడాదికి లక్ష చొప్పున ఐదేళ్ళు కట్టండి చాలు, పైగా 10 లక్షల ఇన్సూరెన్స్ ఫ్రీ" అన్నాడు. పెన్సిల్‌తో ఇంటూ మార్కు పెట్టిన చోటల్లా సంతకం పెట్టేశాను. బాండు (పాలసీ కాగితాలు) ఇంటికొచ్చాక అయినా చదవాల్సింది, నచ్చకపోతే 15 రోజుల్లో తిప్పి ఇచ్చేయొచ్చు (ఇప్పుడు 30 రోజులు చేశారు), చదవలేదు, బీరువాలో పెట్టాను.

ఫ్రీ అన్న ఇన్సూరెన్స్‌కి నెలనెలా నా యూనిట్లే (ఫండ్‌లో నా వాటాలు) కోసుకున్నారు, దాన్ని మోర్టాలిటీ చార్జీ అంటారు. అప్పటికి నాకు 58 ఏళ్ళు, వయసుని బట్టి ఆ చార్జీ పెరుగుతూ పోతుంది, ఐదేళ్ళ స్టేట్‌మెంట్లు ముందేసుకుని కూడితే అదొక్కటే 40 వేలు దాటింది. అది కాక అలొకేషన్ చార్జీ, అడ్మినిస్ట్రేషన్ చార్జీ, ఫండ్ మేనేజ్‌మెంట్ చార్జీ. డబ్బంతా బాండ్ ఫండ్‌లో (అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) పెట్టారు, కావాలంటే ఈక్విటీకి (షేర్ల ఫండ్‌కి) మార్చుకోవచ్చని, అలా మార్చినందుకు టాక్స్ కూడా పడదని నాకు నాలుగో ఏడు తెలిసింది, అదీ మా తమ్ముడి కొడుకు చెబితే.

డబ్బు తీయడానికి వీల్లేని లాకిన్ ఐదేళ్ళు అయిపోగానే సరెండర్ ఫారం, ఒరిజినల్ బాండు, పాన్, ఆధార్, క్యాన్సిల్డ్ చెక్కు పట్టుకుని ఇన్సూరెన్స్ కంపెనీ విజయవాడ బ్రాంచికి వెళ్ళాను. మధ్యాహ్నం 3 లోపు ఇస్తే ఆ రోజు ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ ధర) వస్తుందని పొద్దున్నే బస్సెక్కాను. ఇంతవరకూ బాగానే ఉంది.

కౌంటర్లో కుర్రాడు నా సంతకం చూసి "ఆంటీ, తెలుగులో పెట్టారేంటి? ఇంగ్లీషు చదవడం వచ్చినవాళ్ళెవరినైనా తీసుకురండి, డిక్లరేషన్ రాయాలి" అన్నాడు. నేను 27 ఏళ్ళు తెలుగు పండిట్‌గా చేశాను బాబూ, ఇంగ్లీషు ఫారం నేనే నింపాను చూడు అన్నా వినిపించుకోలేదు. లోపలికి ఫోన్ చేసి "వెర్నాక్యులర్ కేసు సార్, చదువు రాని కస్టమర్" అన్నాడు, నా ముందే, వెనక పదిమంది క్యూలో ఉండగా. ఆ పదిమందిలో నా దగ్గర చదువుకున్న పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఉన్నారేమోనని తల తిప్పి చూడటానికి కూడా భయమేసింది.

తర్వాత సంతకం కలవట్లేదన్నాడు. నా పేరు చివర "క్ష్మి" ఉంది. 2019లో మ వత్తు తోక పొడుగ్గా కిందికి లాగాను, ఇప్పుడు వేళ్ళు నొప్పులతో అంత సాగవు, పొట్టిగా వస్తోంది. తెల్లకాగితం ఇచ్చి రాయమన్నాడు. తొమ్మిదిసార్లు రాశాను. కాపీ రాయించే పిల్లలా కౌంటర్ దగ్గర నిలబడి నా పేరు నేను తొమ్మిదిసార్లు రాశాను, అతను స్క్రీన్‌తో పోల్చి "ఊహూ" అంటూ ఉన్నాడు. ఆ రోజు ఫారం తీసుకోలేదు.

ఇంటికొచ్చి ఏడ్చాను, ఆ రాత్రే ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం మొదట సంతకం పెట్టిన దరఖాస్తు) కాపీ కావాలని మెయిల్ పెట్టాను. అది వచ్చాక చూస్తే చివరి పేజీలో ఒక డబ్బా, "పై వివరాలన్నీ ప్రపోజర్‌కి తెలుగులో చదివి వినిపించి అర్థమయ్యేలా చెప్పాను" అని ఇంగ్లీషులో, కింద ఆ బ్యాంకు అబ్బాయి సంతకం! చార్జీల గురించి ఒక్క ముక్క తెలుగులో చెప్పలేదు, చెప్పినట్టు మాత్రం రాసుకున్నారు. తెలుగులో సంతకం పెట్టేవాళ్ళంతా దయచేసి ఆ డబ్బా ఖాళీగా ఉండగా సంతకం చేయకండి, ముందు నింపమనండి, చదవండి, అబద్ధమైతే కొట్టేయమనండి.

ఆ కాపీ జతచేసి ఇన్సూరెన్స్ కంపెనీల మీద నిఘా ఉంచే ఐఆర్‌డీఏఐ వాళ్ళ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసాలో కంప్లైంట్ పెట్టాను (155255కి ఫోన్ చేసినా తీసుకుంటారు). రెండు నెలలు బ్రాంచి చుట్టూ తిరిగినా పలకనివాళ్ళు ఐదో రోజు వాళ్ళే ఫోన్ చేశారు. నా బ్యాంకు మేనేజర్‌తో సంతకం అటెస్ట్ చేయించుకొస్తే చాలట, ఈ ముక్క మొదటిరోజే చెప్పొచ్చు కదా! మేనేజర్ గారు రెండు నిమిషాల్లో స్టాంపు వేసిచ్చారు. ఏడాది ప్రీమియం సమ్ అష్యూర్డ్‌లో (ఆ 10 లక్షల ఇన్సూరెన్స్‌లో) పదో వంతు దాటలేదు కాబట్టి టాక్స్ ఏమీ పట్టుకోలేదు.

డబ్బు వచ్చింది కదా, కంప్లైంట్ క్లోజ్ చేసుకోండి మేడమ్ అని నిన్న మళ్ళీ ఫోన్. చెయ్యనన్నాను. నాకు తెలుగులో వివరించానని సంతకం పెట్టిన ఆ అబ్బాయి ఏం వివరించాడో రాతపూర్వకంగా చెప్పమన్నాను, జవాబు ఇంకా రాలేదు.