తాళాల గుత్తి

ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారు మా వైపు. ఆరేళ్ల పాటు నేను పడిపోయినప్పుడల్లా అమ్మ నా గుప్పిట్లో కుక్కిన బీరువా తాళాల గుత్తి ఇంకా అదే మేకుకు వేలాడుతోంది. అమ్మ మీద నాకేం కోపం లేదు. తనకు తెలిసింది తను చేసింది.

ఇంటర్‌లో ఉండగా తెల్లవారుజామున అలారం మోగింది. ఉలిక్కిపడి లేచి, అలాగే పడిపోయాను. కాళ్లూ చేతులూ కొట్టుకున్నానట. తర్వాత ఒకసారి ఫోన్ మోగితే, ఇంకోసారి కుక్కర్ విజిల్‌కి. తలకు స్కాన్ తీసి ఏమీ లేదన్నారు, అయినా ఫిట్స్ మాత్రలు రాశారు. "శబ్దం వింటేనే ఎందుకు పడిపోతోంది సార్?" అని నాన్న అడిగారు. "పరీక్షల టెన్షన్. పెళ్లి చేసేయండి, అదే సర్దుకుంటుంది" అన్నాడా డాక్టరు. వంద రెండొందలతో అయిపోయే ఈసీజీ ఒక్కటి తీయించి సరిగ్గా చూసి ఉంటే! ఆ మాటను నేను క్షమించలేను.

పెళ్లయింది. పాప పుట్టిన మూడో నెలలో వాంతులు, విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో చేరాను. సెలైన్ పెట్టి, వాంతులు ఆగడానికి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రి రెండింటికి పక్క మంచం వాళ్ల ఫోన్ గట్టిగా మోగింది. నాకు గుర్తున్నది అంతే. కళ్లు తెరిచేసరికి ఛాతీ మంట, మా ఆయన గోడకానుకుని ఏడుస్తున్నారు. రెండుసార్లు షాక్ ఇచ్చారట. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదోనని తెల్లవార్లూ మానిటర్ వంకే చూశాను. పాలు చేపుకొచ్చి చీర తడిసిపోతోంది, పాపేమో ఇంటి దగ్గర.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే రెండేళ్లు పెద్దదేమో. ఈసీజీ కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, "మీకు ఫిట్స్ కాదండీ, ఇది గుండె" అంది. గుండె ఒకసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని క్యూటీ అంటారట, నాకది 540 మిల్లీసెకన్లు. ఆడవాళ్లలో 460 దాటితేనే అనుమానించాలట, 500 దాటితే ప్రమాదమట. మెగ్నీషియం ఎక్కించి, విశాఖ దాకా అంబులెన్స్‌లో నా పక్కనే కూర్చుంది. ఆ తల్లి రుణం ఎలా తీర్చుకోను?

జన్యు పరీక్షలో కేసీఎన్‌హెచ్‌2 అనే జన్యువులో మార్పు ఉందని తేలింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కణాల్లోంచి పొటాషియం బయటికి పోవాలి, అప్పుడే మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధమవుతుంది. నాకు ఆ దారులు సరిగా పనిచేయవు. గుండె ఇంకా సర్దుకోకముందే శబ్దానికి ఉలిక్కిపడితే లయ మెలితిరిగిపోతుంది, మెదడుకు రక్తం అందక ఒళ్లు కొట్టుకుంటుంది. ఈ జబ్బు పేరు లాంగ్ క్యూటీ, అందులో నాది రెండో రకం. బాలింత నెలలు దీనికి మరీ గండం. పైగా విరేచనాలతో పొటాషియం పడిపోయింది, ఆ ఇంజెక్షన్ మిగిలిన దారిని కూడా అడ్డుకుంది.

అమ్మకూ అదే మార్పు ఉంది, ఒక్కసారీ పడిపోలేదు. రిపోర్టు విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తమ్ముడికీ ఇదే కదే" అంది. మా చిన్నమామయ్య ఇరవై రెండేళ్లకే నిద్రలో పోయాడు. గాలి సోకిందన్నారు అప్పట్లో.

ఇప్పుడు భుజం కింద ఐసీడీ ఉంది, లయ తప్పితే అదే షాక్ ఇచ్చే చిన్న యంత్రం. గుండెకు వేసుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఒక్క పూట కూడా మానను. పడని మందుల జాబితా పర్సులోనే పెట్టుకుంటాను, అజిత్రోమైసిన్, డోంపెరిడాన్‌తో సహా. మీ ఇంట్లో ఎవరైనా శబ్దానికో, పరిగెడుతూనో, ఈత కొడుతూనో పడిపోతే ఈసీజీ తీయించమని పట్టుబట్టండి, దండం పెడతాను. సింహాద్రి అప్పన్నకు మొక్కుకున్నాను, పాప నడక నేర్చాక మెట్లెక్కించి తీసుకెళ్తాను.

పాపకు రావడానికి సగానికి సగం అవకాశం. నిన్ననే రక్తం తీశారు. మామయ్యగారు కాలింగ్ బెల్ పీకించేశారు. ఎవరొచ్చినా మెల్లగా తలుపు తడుతున్నారు.