వెనక వరస నుంచి ముందుకొచ్చిన డ్రమ్మర్

లాటిన్ సంగీతంలో పేరుమోసిన డ్రమ్మర్ టీటో పుయెంతే పాత వీడియోల్లో నాకు ముందు కనిపించేది ఆయన నాలుక. సోలో వేడెక్కిందంటే చాలు, కళ్ళు ఇంతింత చేసుకుని, నాలుక బయటపెట్టి టింబాలేలు (స్టాండ్ మీద పక్కపక్కనే ఉండే జంట డ్రమ్ములు) బాదేస్తుంటాడు. ఈ అల్లరి మనిషి జులియార్డ్ లాంటి పేరున్న సంగీత కళాశాలలో చదువుకున్నాడంటే నమ్మబుద్ధి కాదు.

1923లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో పుట్టాడు. అమ్మానాన్నలది పోర్టోరికో. డాన్సర్ అవుదామనుకుంటే కాలి గాయం సాగనివ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో నేవీలో ఉంటూ ఓడ బ్యాండ్‌లోనూ వాయించాడు. తిరిగొచ్చాక, మాజీ సైనికుల చదువుకు ప్రభుత్వమిచ్చిన డబ్బుతో జులియార్డ్‌లో చేరాడు.

టింబాలే వాయించేవాళ్ళ చోటు అప్పట్లో బ్యాండ్ వెనకాలే. పుయెంతే వాటిని స్టేజి ముందుకు లాక్కొచ్చాడు. ఇదంతా షో అని కొట్టిపారేసేవాళ్ళున్నారు, నేనొప్పుకోను. టింబాలేలో అబానికో అని ఒకటుంది. డ్రమ్ అంచు మీద ఓ దెబ్బ, వెంటనే గలగలమని చిన్న రోల్, చివర మళ్ళీ ఓ దెబ్బ. రెప్పపాటులో అయిపోతుంది. అది పడిందంటే పాట మలుపు తిరుగుతోందని, తర్వాతి భాగం ఎత్తుకోవాలని బ్యాండ్‌కి సిగ్నల్. అరేంజ్‌మెంట్లు రాసేదీ, బ్యాండ్ నడిపేదీ, ఆ సిగ్నల్ ఇచ్చేదీ ఒక్కడే అయినప్పుడు వెనకెందుకు నిలబడాలి?

1950ల్లో బ్రాడ్‌వే, 53వ వీధి మూల మీది పల్లాడియం హాల్లో మాంబో (క్యూబా నుంచి వచ్చిన డాన్స్ సంగీతం) అంటే మూడే బ్యాండ్ లీడర్ల పేర్లు: మాచీటో, టీటో రోడ్రిగెజ్, టీటో పుయెంతే. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, పోర్టోరికన్లు, యూదులు అందరూ ఒకే ఫ్లోర్ మీద డాన్స్ చేసేవాళ్ళు. పోస్టర్ మీద ఎవరి పేరు పైనుండాలన్న దగ్గర మాత్రం ఇద్దరు టీటోలకూ పడేది కాదు! ఆ హాల్లో ఊపు ఎలా ఉండేదో తెలియాలంటే 1958 నాటి 'డాన్స్ మేనియా' ఆల్బమ్ పెట్టుకోండి.

తర్వాత వందకు పైగా ఆల్బమ్‌లు, ఐదు గ్రామీలు. 2000లో పోయేదాకా వాయిస్తూనే ఉన్నాడు. అయినా లోకానికి ఎక్కువగా తెలిసింది 'ఓయె కోమో వా' ఒక్కటే, అదీ 1970లో శాంటానా అనే రాక్ బ్యాండ్ చేసిన వెర్షన్. పాట రాసిన మనిషినే పట్టుకుని "శాంటానా పాట వాయించండి" అని అడిగేవాళ్ళట. ఒళ్ళు మండేదట కూడా, రాయల్టీ చెక్కు చేతికొచ్చేదాకా.

శాంటానా గిటార్ నాకూ ఇష్టమే. కానీ పుయెంతే 1962 రికార్డింగ్‌లో ఆ చోట ఫ్లూట్ ఉంటుంది. గిటార్ సాగదీసినట్టు అది సాగదీయదు, తుళ్ళుతూ పోతుంది. డాన్స్‌కైతే నా ఓటు దానికే.