పువ్వు వేసిన కన్ను

మా ఊరు మెదక్ నుంచి రామాయంపేట పోయే దారిలో ఉంటుంది. 2022 నవంబరు చివర్లో వానాకాలం వడ్లు కల్లానికి వచ్చాయి. తాలు ఎక్కువుంటే తూకం దగ్గర తరుగు తీస్తారని పెద్ద ఫ్యాను పెట్టి తూర్పార పడుతున్నాం. నేను చాటతో ఎత్తి పోస్తున్నాను. గాలి ఒక్కసారి ఎదురు తిరిగింది, కుడికంట్లో సూది గుచ్చినట్టయింది. కొంగు కొస మెలిపెట్టి తుడుచుకున్నాను, బోరు నీళ్లతో కడుక్కున్నాను, మళ్లీ చాట పట్టుకున్నాను. కంట్లో వడ్ల నూగు పడడం మాకేం కొత్త?

మూడో రోజుకి కన్ను చింతనిప్పులా ఎర్రబడింది. పక్కింటి బాలింతను పిలిచి చనుబాలు పోయిస్తానంది అత్తమ్మ. వద్దన్నాను. మెడికల్ షాపులో అడిగితే చిన్న సీసా ఇచ్చారు. ఆ చుక్కలు వేసుకున్న రెండు రోజులు చల్లగా, హాయిగా ఉంది, ఎరుపు కూడా తగ్గింది. ఐదో రోజు రాత్రి నొప్పి లేచింది చూడండి, తల ఆ పక్కంతా పగిలిపోతుందేమో అనిపించింది. అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క, బియ్యపు నూకంత.

హైదరాబాదులో కంటి డాక్టరమ్మ గడ్డం మిషనుకు ఆనించమంది. అందులోంచి సన్నటి వెలుగు గీత ఒకటి వచ్చి నా కంటి మీద పడింది. వెంట్రుకంత వెలుగు అది. దానికే నేను కుర్చీలోంచి వెనక్కి పడబోయాను. మొద్దుబారే చుక్క వేసి, పుండు అంచుల్ని చిన్న బ్లేడుతో గీకి, గాజుపలక మీద పెట్టి లోపలికి పంపింది. కాసేపటికి ఆమే వచ్చి కూర్చుంది.

"అమ్మా, కంట్లో బూజు పట్టింది. తడిసిన గడ్డికి పడుతుంది చూడు, అలాంటిదే. పొట్టు గీరినప్పుడు లోపలికి పోయింది. మధ్యలో ఏమైనా చుక్కలు వేసుకున్నావా?"

సీసా తీసి చూపించాను. అది స్టెరాయిడ్. బూజు పట్టిన కంటికి స్టెరాయిడ్ వేస్తే ఎరుపు తగ్గుతుంది గానీ, లోపల బూజుకు అడ్డే ఉండదట. ఇచ్చినవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఇది చదివే రైతుబిడ్డలకు చేతులెత్తి చెబుతున్నాను: కంట్లో గింజో పొట్టో ఆకో తగిలి ఎర్రబడితే, కంటి డాక్టరు చూడందే ఏ చుక్కా వేసుకోకండి.

సున్నం నీళ్లలా తెల్లగా ఉండే మందు రాసిచ్చారు. నాటామైసిన్ అంటారు. గంటకొకసారి, పగలూ రాత్రీ. రాత్రీ అంటే నిజంగా రాత్రంతా. మా ఆయన ఫోన్లో గంటగంటకు అలారం పెట్టుకున్నాడు. పన్నెండుకు లేచేవాడు, ఒంటిగంటకు లేచేవాడు, రెండింటికి లేచేవాడు. చేతులు సబ్బుతో కడుక్కుని, నా తల పైకెత్తి, కింది రెప్పను చూపుడువేలితో లాగి ఒక్క చుక్క. పొద్దంతా పొలం చేసొచ్చిన మనిషి. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

పుండు పడిన కంటికి వెలుగంటే కత్తి. కిటికీలకు దుప్పట్లు కట్టాం. వంటింట్లో బల్బు వేస్తే తలుపు సందులోంచి వచ్చే గీత కూడా పొడిచేది. ఒక కన్నే కదా అనుకుంటారేమో, రెండో కంటికి వెలుగు తగిలినా మొదటిది నొస్తుంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మీద తువ్వాలు కప్పుకుని పడుకునేదాన్ని. డిసెంబరు వచ్చింది. పిల్లలు ఎప్పటిలాగే ఇంటి ముందు క్రిస్మస్ నక్షత్రం కట్టి బల్బు వేశారు. ఎర్రకాగితం నక్షత్రం. గడప దగ్గరికి రాగానే భరించలేక, "అది ఆర్పండి" అని అరిచాను. ఇరవై రెండేళ్లుగా మా సంఘంలో సండే స్కూల్ చెబుతున్నదాన్ని. నేనే క్రిస్మస్ నక్షత్రాన్ని ఆర్పించాను.

ఆ రాత్రి యోహాను సువార్త మూడో అధ్యాయం గుర్తొచ్చింది. దుష్కార్యం చేసేవాడు వెలుగును ద్వేషిస్తాడని, తన క్రియలు బయటపడతాయని వెలుగు దగ్గరికి రాడని యేసు నికొదేము అనే యూదుల పెద్దతో అంటాడు. అది పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! దొంగలు చీకట్లో తిరుగుతారు చూడండి, అలాగన్నమాట అని. కానీ నేనేం దొంగతనం చేశాను? నా కన్ను వెలుగు నుంచి పారిపోతున్నది దుష్టత్వంతో కాదు, గాయంతో. గుడికి రాని మనుషుల్ని, ప్రార్థన అనగానే ముఖం తిప్పుకునేవాళ్లని ఇన్నేళ్లూ నేను ఒకే గాటన కట్టాను. వాళ్లలో ఎందరికి లోపల పుండు ఉందో! డాక్టరమ్మ నా రెప్పలు బలవంతంగా విప్పి ఎండలో నిలబెట్టలేదు. వెంట్రుకంత వెలుగుతో చూసింది, అదీ అవసరమైనంత సేపే. నికొదేము కూడా రాత్రిపూటే వచ్చాడు. పగలు రా పో అని యేసు అనలేదు.

క్రిస్మస్‌కు ముందు క్యారల్స్ గుంపు మా వీధికి వచ్చింది. నా సండే స్కూల్ పిల్లలే. ఎవరు చెప్పారో ఏమో, మా ఇంటి దగ్గరికి రాగానే టార్చిలైట్లన్నీ ఆర్పేసి, చీకట్లో నిలబడి పాడారు. తువ్వాలు కింద నుంచి ఒక్కొక్క గొంతూ పోల్చుకున్నాను. తప్పు పాడేవాడు తప్పే పాడాడు, వాణ్ణి కూడా పోల్చుకున్నాను.

చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒక సహోదరి మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని మెత్తగా అంది: "ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో, ఆలోచించు చెల్లీ." ఆమె నా మేలు కోరే అంది, నాకు తెలుసు. కానీ ఆ మాట కంట్లో పొట్టు కన్నా లోతుకి దిగింది. రాత్రి అలారం మోగినప్పుడల్లా ఒక్కో పాపం తవ్వుకునేదాన్ని. తోడికోడలితో పడ్డ మాటా? అమ్మ చివరి రోజుల్లో సరిగ్గా చూసుకోకపోవడమా? రోజుకి ఇరవై నాలుగు చుక్కలు, ఇరవై నాలుగు నేరాలు.

మా సంఘం అయ్యగారు వచ్చినప్పుడు ఏడుస్తూ చెప్పాను. ఆయన ప్రసంగం చెయ్యలేదు. యోహాను తొమ్మిది తీసి చదివారు, అంతే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా అచ్చంగా ఇదే ప్రశ్న, పాపం ఎవరిది అని. యేసు జవాబు మన బైబిల్లో ఇలా ఉంది: "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు." ఆ వాక్యం దగ్గర ఆపి అయ్యగారు, "ఆయనే వద్దన్న లెక్క నువ్వెందుకమ్మా వేస్తున్నావు?" అన్నారు.

ఆయన వెళ్లాక ఆ అధ్యాయం నన్ను వదల్లేదు. మా పెద్దబిడ్డ చదువుతుంటే మళ్లీ మళ్లీ విన్నాను. యేసు ఉమ్మితో బురద చేసి అతని కళ్ల మీద పూసి, సిలోయం కోనేటికి పోయి కడుక్కో అంటాడు. ఆ కోనేరు యెరూషలేములో నిజంగా ఉంది, మురుగు పైపులు బాగు చేస్తుంటే 2004లో దాని మెట్లు బయటపడ్డాయి. అక్కడిదాకా అతను గుడ్డివాడుగానే నడిచాడు, కళ్ల నిండా బురదతో. కడుక్కుని చూపుతో తిరిగి వచ్చేసరికి యేసు అక్కడ లేడు. పొరుగువాళ్లు అడిగారు, పరిసయ్యులు అడిగారు, చివరికి వెలివేశారు. అప్పటిదాకా అతను యేసు ముఖం చూడనేలేదు. విన్నది ఆ గొంతు ఒక్కటే. తర్వాతి అధ్యాయంలోనే యేసు తన గొర్రెలు తన స్వరాన్ని ఎరుగుతాయని చెప్పడం నాకు ఊరికే అనిపించలేదు. చీకట్లో గొంతుల్ని బట్టి పిల్లల్ని పోల్చుకున్నదాన్ని కదా.

నిత్యజీవం గురించి ఇక్కడే చెప్పాలి. నేను సండే స్కూల్లో ఎప్పుడూ దాన్ని చచ్చిపోయాక వచ్చేదానిగానే చెప్పాను. బోర్డు మీద మేఘాలు, బంగారు వీధి గీసి రంగులు వేయించేదాన్ని. మన దగ్గర ఆ మాట ఎక్కువగా వినపడేదీ సమాధుల తోటలోనే. మందు వేశాక ఐదు నిమిషాలు కన్ను మూసుకుని ఉండాలి. ఆ ఐదు నిమిషాల్లో కంఠతా వచ్చిన వాక్యాలు చెప్పుకునేదాన్ని. ఒకరోజు, రాత్రి రెండో మూడో, యోహాను పదిహేడు నోటికొచ్చింది. "అద్వితీయ సత్యదేవుడవైన నిన్నును, నీవు పంపిన యేసుక్రీస్తును ఎరుగుటయే నిత్యజీవము." ఎన్నో ఏళ్లుగా చెప్పిన వాక్యం. ఎరుగుట అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఎరిగితే నిత్యజీవం వస్తుందని కాదు, ఎరగడమే నిత్యజీవం అంటున్నాడు. ఐదో అధ్యాయంలో కూడా, విని విశ్వసించినవాడు నిత్యజీవం గలవాడు అనే ఉంది, మరణంలోంచి జీవంలోకి "దాటియున్నాడని" ఉంది. దాటబోతాడని కాదు.

ఆ చీకటి గదిలో, కంట్లో బూజుతో, చూపు వస్తుందో రాదో తెలియని రాత్రి, నేను అప్పటికే దాటి ఉన్నాను. ఎరగడం అంటే ఏమిటో పక్కనే కనబడుతోంది. మా ఆయన నోరు తెరవకముందే, కాలి చప్పుడు, సబ్బు వాసన, నా రెప్ప మీద ఆ గరుకు వేలు: చూడకుండానే మనిషి ఎవరో తెలుస్తుంది. పాతికేళ్లు కలిసి బతికితే అబ్బే ఎరుక అది. దేవుణ్ణి అలా ఎరగడం చచ్చాక మొదలయ్యేది కాదు. ఆ రాత్రి భయం పోయిందని చెప్పను. భయంతోనే నిద్రపోయాను, కానీ నిద్రపోయాను.

ఫిబ్రవరి చివరికి పుండు మానింది. మానినచోట పువ్వు వేసింది, తెల్లగా, సరిగ్గా నడిమధ్యలో. చెయ్యి ఊపితే తెలిసేది, అంతకు మించి లేదు. ఆగస్టులో ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది: కన్ను దొరికింది, రేపే రండి.

దొరికింది అంటే ఏమిటో బస్సులో గానీ తట్టలేదు. ఎవరో చనిపోయారు. చనిపోయిన ఆరు గంటల్లోపు కళ్లు తీయాలట. అంటే శవం ఇంకా ఇంట్లో ఉండగానే, ఏడుపుల మధ్య ఎవరో ఒకరు లేచి ఫోను చేసి ఉంటారు. వాళ్ల పేరు చెప్పరు, ఊరు చెప్పరు, మతం చెప్పరు. నల్లగుడ్డు మీది ఆ పొర అరమిల్లీమీటరు మందం. దానిలో రక్తనాళాలు ఉండవు, అందుకే ఒకరిది ఇంకొకరికి అంటించడం మిగతా అవయవాలంత కష్టం కాదని డాక్టరమ్మ చెప్పింది. వెంట్రుక కన్నా సన్నటి దారంతో పదహారు కుట్లు వేశారు. గోధుమగింజ భూమిలో పడి చావకపోతే ఒంటిగానే ఉంటుందని యేసు తన చావు గురించి చెప్పిన మాట నాకు బాగా తెలుసు. ఒక గింజ పొట్టు నా కన్ను తీసింది, ఒకరి చావు తిరిగి ఇచ్చింది. ఇద్దరూ నాకు తెలియనివారే, ఆ గింజా, ఆ మనిషీ.

కట్టు విప్పాక అన్నీ మసకే. వార్డులో మనుషులు పొడుగ్గా, కొమ్మలూపుకుంటూ పోతున్నట్టు కనబడ్డారు. బేత్సయిదా గుడ్డివాడు కూడా మొదట మనుషులు నడిచే చెట్లలా ఉన్నారన్నాడు, యేసు రెండోసారి చేతులుంచాడు. యేసు చేసిన స్వస్థతల్లో రెండు విడతలుగా జరిగింది సువార్తల్లో అదొక్కటే. దాన్ని పిల్లలకు ఎప్పుడూ చెప్పకుండా దాటేసేదాన్ని, ఒక్కసారికే ఎందుకు కాలేదని అడుగుతారేమోనని. ఇప్పుడు ముందు ఆ కథే చెబుతున్నాను.

అన్నిటికన్నా ఆశ్చర్యం మందు. కొత్త పొరను ఒళ్లు తోసెయ్యకుండా వేయాల్సిన చుక్కలు ఏమిటో తెలుసా? స్టెరాయిడ్. అప్పుడు నా కన్ను తిన్నదే ఇప్పుడు కాపాడుతోంది. ఆ సహోదరి మాట కూడా అలాంటిదేనేమో అనుకున్నాను. పాపం ఒప్పుకోమనడం తప్పు మాట కాదు. నా పుండు మీద, ఆ వేళ వేయాల్సిన మందు కాదు.

ఆ డిసెంబరులో మెదక్ చర్చికి వెళ్లాం. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. చిన్నప్పటి నుంచి చూస్తున్న రంగు అద్దాలే, యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఎడమకన్ను మూసుకుని కొత్త కంటితో చూశాను. నీలం! ఆ నీలాన్ని మరిచేపోయాను. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను. ఎండ జారినకొద్దీ రంగులు ఆరిపోయి, చివరికి నల్లటి గాజు మిగిలింది. నేను లోకమునకు వెలుగును అన్నవాడే మనతో మీరు లోకమునకు వెలుగైయున్నారు అన్నాడు. రెండూ ఎలా కుదురుతాయని ఒక పిల్ల నన్ను ఎప్పుడో అడిగింది, తడబడ్డాను. ఈసారి ఆ పిల్లను పొద్దుగూకే వేళకు అక్కడికి తీసుకుపోతాను.

2024 మార్చి 31, ఈస్టర్. ఇంకా చీకటి ఉండగానే సమాధుల తోటకు వెళ్లాం. అమ్మకు ఒక కొవ్వొత్తి, మామయ్యకు ఒకటి. కుట్ల వల్ల నా కంటికి ప్రతి మంట చుట్టూ ఒక ఉంగరం కనబడుతుంది, తోటంతా ఉంగరాలే. పొట్లంలో ఒకటి మిగిలింది. సమాధి లేనిచోట, గోడ వారన గుచ్చి వెలిగించాను. క్యారల్స్‌లో తప్పు పాడేవాడు వచ్చి, "టీచరమ్మా, ఇక్కడెవరున్నరు?" అన్నాడు. "ఇక్కడ లేరు నాన్నా" అన్నాను. వాడు గాలి తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు.

తూరుపు తెల్లబడింది. ఆయన సంచిలోంచి చుక్కల సీసా తీశాడు.

"ఆరైంది. తల పైకెత్తు."