గుణుపురంలో బిల్డు పని

ఒడిశాలోని గుణుపురం బజారులో తెలుగు ఒక్కటే వచ్చినా రోజు గడిచిపోతుంది. కూరగాయల దగ్గర, టీ బడ్డీ దగ్గర, మందుల షాపులో తెలుగే వినిపిస్తుంది. వంశధార మా శ్రీకాకుళం జిల్లాలోకి ఇక్కడి నుంచే వస్తుంది, నౌపడ రైలెక్కితే టెక్కలిలో దిగి ఇంటికి పోవచ్చు. అయినా బ్యాంకు ఫారం నింపాలన్నా, కరెంటు ఆఫీసు నోటీసు చదవాలన్నా పక్కవాణ్ని అడగాల్సి వచ్చినప్పుడు ఇది పరాయి రాష్ట్రమని తెలుస్తుంది. ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది ఇంకో ఇబ్బంది. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు, తెలుగు అక్షరం రాదు.

పగలు నేను చేసేది దుకాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, అది ఆగిపోతే పోయి సరిచేయడం. జీతం వచ్చేది దాని మీదే. సాయంత్రాలు మాత్రం ఇంకో పనికి పోతాయి. సవర గిరిజనుల భాషలోని మాటల్ని కంప్యూటర్లో వెతుక్కునే చిన్న ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి పెట్టిన) నిఘంటువు ఒకటి కొందరం కలిసి నడుపుతున్నాం.

పక్కనే పర్లాకిమిడిలో బడి పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని నిఘంటువు కట్టారు. ఆ ఊరికి ఇంత దగ్గర్లో ఉంటూ ఈ పని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. సవరని ఆంధ్రాలో తెలుగు లిపిలో రాస్తారు, ఇటు ఒడియా లిపిలో, చర్చిల్లో ఇంగ్లీషు అక్షరాల్లో. 1936లో మంగేయి గొమాంగో చేసిన సోరంగ్ సొంపెంగ్ లిపి వేరే ఉంది, అది 2012లో అన్ని లిపులకీ అంకెలిచ్చే యూనికోడ్ ప్రమాణం 6.1తో కంప్యూటర్లలోకి వచ్చింది. ఒకే మాట నాలుగు లిపుల్లో ఉంటే వెతకడానికీ, వరస పెట్టడానికీ ఐసీయూ అనే లైబ్రరీ, అంటే ముందే రాసి పెట్టిన కోడ్, కావాలి. దాన్ని మేం కోడ్ రాసే పైతాన్ భాష నుంచి వాడుకోవడానికి పైఐసీయూ అనే ప్యాకేజీ. మా గొడవంతా అక్కడ మొదలవుతుంది.

పుట్టాసింగి వైపు నుంచి కాలేజీకి వచ్చే సవర కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ల అమ్మమ్మ దగ్గర విన్న మాటలు నోట్‌బుక్ నిండా రాసి పెట్టుకున్నాడు. వాటిని ఎక్కించాలని ప్రాజెక్టు దింపుకుని పైతాన్ ప్యాకేజీలు తెచ్చిపెట్టే పిప్ ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టాడు. తెర నిండా ఎర్ర అక్షరాలు. చివరి లైను చూస్తే పైఐసీయూ వీల్, అంటే పెట్టుకోవడానికి సిద్ధంగా ఉండే ప్యాకేజీ, కట్టడం కుదరలేదని మాత్రమే ఉంది. ‘నా వల్ల కాదులే భాయినా’ అని లేవబోయాడు.

చివరి లైను కేవలం చావు కబురు, జబ్బు పేరు పైనెక్కడో ఉంటుంది. పైకి జరుపుకుంటూ పోతే దొరికింది: లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పికెజి-కాన్ఫిగ్ పెట్టుకోండి, లేదా ఐసీయూ వెర్షన్ ఎంతో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో చెప్పండి అని. చాలామంది ఆ రెండోది తేలిగ్గా ఉందని వెర్షన్ అంకె రాసేస్తారు. అప్పుడు బిల్డు, అంటే ప్యాకేజీ కట్టే పని, ఇంకో నాలుగడుగులు ముందుకెళ్లి, యూనికోడ్ ఫోల్డర్లో యు-టైప్స్ డాట్ హెచ్ ఫైలు లేదని మళ్లీ ఆగుతుంది. వాళ్లకి అది వేరే ఎర్రర్‌లా కనిపిస్తుంది. రెంటికీ కారణం ఒకటే.

ఆ కారణం అతనికి కూర్చోబెట్టి చెప్పాను. పిప్ ముందు మన మెషీన్‌కి సరిపోయే ముందే కట్టి ఉంచిన వీల్ ఉందేమో చూస్తుంది. లేకపోతే సోర్స్, అంటే మనుషులు రాసిన కోడ్, తెచ్చి మన మెషీన్ మీదే కంపైల్ చేయబోతుంది, అంటే మెషీన్ భాషలోకి మార్చబోతుంది. కంపైల్‌కి హెడర్ ఫైళ్లు, అంటే లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే ఫైళ్లు, కావాలి. మేం వాడే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఐసీయూ లైబ్రరీ ముందే ఉన్నా, దాని హెడర్లు డెవ్ అని చివర ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. లిబ్-ఐసీయూ-డెవ్, పికెజి-కాన్ఫిగ్, జి-ప్లస్-ప్లస్, పైతాన్-3-డెవ్ ఈ నాలుగూ ఉబుంటు ప్యాకేజీలు పెట్టే ఏపీటీతో పెట్టాక అదే పిప్ కమాండ్ నిశ్శబ్దంగా పూర్తయింది. కుర్రాడు నోట్‌బుక్ తెరిచి మొదటి మాట ఎక్కించాడు.

ఇంకో రోజు మా ఆఫీసులో పనిచేసే తెలుగు కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్ తెచ్చాడు. ‘అన్నయ్యా, ఏటిది, నిన్న పాత మెషీన్లో పనిచేసింది కదా?’ అన్నాడు. పాతదానిలో ఉబుంటు 22.04, అందులో పైతాన్ 3.10. కొత్తదానిలో 24.04, పైతాన్ 3.12. ఇక్కడ రెండు గోడలు వరసగా తగిలాయి. మొదటిది, సిస్టమ్ పైతాన్‌లో పిప్‌తో నేరుగా పెట్టనివ్వదు. ఇది బయటివాళ్ల చేతిలో ఉన్న ఎన్విరాన్‌మెంట్ అని ఆపేస్తుంది. బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్ అనే దారి అక్కడే రాసి ఉంటుంది. అది వాడొద్దని గట్టిగా చెప్పాను, ఎందుకంటే ఉబుంటు సొంత పనిముట్లు కూడా ఆ పైతాన్ మీదే ఆధారపడతాయి. ప్రాజెక్టు ఫోల్డర్లో వీఎన్వ్, అంటే ఆ ప్రాజెక్టుకే విడిగా ఉండే పైతాన్, చేసుకుని అందులో పెట్టుకోవాలి. రెండోది, మా పాత స్క్రిప్టు ఒకటి మొదటి లైన్లోనే డిస్ట్‌యుటిల్స్ అనే పాత లైబ్రరీని అడుగుతుంది. 2023 అక్టోబరులో వచ్చిన 3.12లో దాన్ని తీసేశారు. వెర్షన్లు పోల్చడానికే దాన్ని వాడుతున్నాం కాబట్టి ఆ చోట ‘ప్యాకేజింగ్’ అనే లైబ్రరీ పెట్టి, మార్పుని ప్రాజెక్టులోకి పంపాం. పాత పైతాన్ దింపుకుని సర్దుకోవచ్చు, కానీ రేపు ఇంకో కొత్త మెషీన్ తెచ్చేవాడు మళ్లీ అక్కడే ఆగుతాడు.

నాకు దీని మీద గట్టి అభిప్రాయం ఉంది. ఓపెన్ సోర్స్‌లో కొత్త ఫీచర్ రాసినవాడికి పేరొస్తుంది, ఇన్‌స్టాల్ పేజీ సరిచేసినవాడిని ఎవరూ తలుచుకోరు. మా నిఘంటువుకి మాటలు ఇవ్వగలిగిన మనిషి ఆ ఎర్ర అక్షరాల దగ్గరే వెనక్కి పోతే, లోపల మేమెంత అందంగా కోడ్ రాసినా ఆ మాటలు నోట్‌బుక్‌లోనే ఉండిపోతాయి.

కొండ ఊళ్లలో నెట్ సరిగా రాదు, దానికి విడిగా ఏర్పాటు చేసుకోవాల్సి వచ్చింది. ఆఫీసులో నెట్ బాగున్నప్పుడు పిప్ వీల్ కమాండ్‌తో అవసరమైనవన్నీ ఒక ఫోల్డర్లో కట్టి పెన్‌డ్రైవ్‌లో వేస్తాం. అక్కడికెళ్లి నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ అనే ఆప్షన్లు ఇచ్చి పెడితే నెట్ అడగదు. ఒక్కటే జాగ్రత్త: కంపైల్ అయిన వీల్ పైతాన్ వెర్షన్‌కి కట్టుబడి ఉంటుంది, 3.10 కోసం కట్టినది 3.12 మీద ఎక్కదు. అందుకే రెండు ఫోల్డర్లు, పైన స్కెచ్ పెన్నుతో అంకె. ఐసీయూ లైబ్రరీ కూడా కట్టినచోటా పెట్టేచోటా ఒకే వెర్షన్ ఉండాలి, కాబట్టి ఒక్కో ఫోల్డర్ ఆ ఉబుంటు మీదే కడతాం.

ఇప్పుడు ఇన్‌స్టాల్ పేజీని తెలుగులో నేను రాశాను, ఒడియాలో మా ఆఫీసు కుర్రాడు రాస్తున్నాడు. సవరలో పుట్టాసింగి కుర్రాడు మొదలుపెట్టాడు. తెర మీద వచ్చే ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు పెట్టి, దాని కింద ఏం చేయాలో రాయమన్నాను. డిపెండెన్సీ (ఒక ప్యాకేజీకి కావాల్సిన ఇంకో ప్యాకేజీ) అనే మాటకి సవరలో ఏం పెట్టాలో వాళ్ల అమ్మమ్మని అడిగి వస్తానన్నాడు.